ఇరవై మూడో జవాబు పత్రం

లెక్కల మాస్టారు మంగళవారం ఉదయం పదకొండుంపావుకి చనిపోయాడు. క్లాసు ముగించి, సంచి భుజానికి తగిలించుకుని ఇన్‌స్టిట్యూట్ మెట్లు దిగుతుంటే కింది నుంచి ఎవరో ఎక్కి వచ్చారు. సైలెన్సర్ బిగించిన పిస్టల్. రెండు గుళ్ళు. కింద జిరాక్స్ షాపులో ఉన్నవాళ్ళకి మెషీన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఆయన కుడిచేతి వేళ్ళకి ఇంకా సుద్దపొడి ఉంది.

సంచిలో ఇరవై మూడు జవాబు పత్రాలు దొరికాయి. క్లాసులో ఉన్నది ఇరవై రెండు మంది.

పదమూడు రోజుల తర్వాత ఈ సంగతంతా గూఢచారి డిపార్ట్‌మెంట్ నడిపే పెద్దాయన తన గదిలో ఒక ఏజెంటుకి చెప్పాడు. ఆ ఏజెంటుని డిపార్ట్‌మెంట్‌లో అందరూ గుమాస్తా అనే పిలుస్తారు. ఏ కుర్చీలో కూర్చోబెట్టినా అక్కడ ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నవాడిలా కనిపిస్తాడు. వేరే మారువేషం అక్కర్లేని మనిషి.

మాస్టారు బయటికి కంప్యూటర్ ఉద్యోగాల కోసం వచ్చే పెద్దవాళ్ళకి డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ చెప్పే మనిషి. లోపల, పదకొండు మంది ఏజెంట్లకి సంకేతాలు తయారుచేసి ఇచ్చే మనిషి. ఆయనకి ఏదో తెలిసింది, అందుకే పోయాడు, అన్నాడు పెద్దాయన. పొరుగు దేశపు ముఠా పని.

పెద్దాయన బల్లమీద ఒక కాగితం పెట్టాడు. పైన రోల్ నంబర్ 23 అని ఉంది. కింద ఒక లెక్క. మొదటి n బేసి సంఖ్యల్ని కూడితే n వర్గం కంటే ఒకటి ఎక్కువ వస్తుందని ఎవరో రుజువు చేశారు. చివరి పంక్తిలో, n పదకొండు అయితే నూట ఇరవై రెండు అని రాసి ఉంది. ప్రతి పంక్తికీ ఎర్ర ఇంకుతో టిక్కు. అన్నిటికీ టిక్కులు పెట్టి అడుగున మాత్రం సున్నా వేసి ఉంది.

సంకేతాలు విప్పే సైఫర్ సెక్షన్ వాళ్ళు తొమ్మిది రోజులు దానిమీదే కూర్చున్నారు. టిక్కులు లెక్కపెట్టారు. వాటి మధ్య దూరాలు కొలిచారు. అల్ట్రావయొలెట్ లైటు కింద పెట్టి చూశారు. అక్షరాల్ని వెనకనుంచి చదివారు. ఏమీ దొరకలేదు. దాన్ని లెక్కలా చదవాలని మాత్రం వాళ్ళలో ఎవరికీ తోచలేదు.

"ఆ నంబరుతో క్లాసులో ఎవరూ లేరు. రేపటి నుంచి నువ్వు ఉంటావు," అన్నాడు పెద్దాయన. "కొత్త బ్యాచ్ మొదలవుతోంది. ఆరు వారాలు. నేర్చుకో. ఇందులో ఏముందో తెలిస్తే నాకే చెప్పు. మధ్యలో ఎవరూ వద్దు."

"సార్, నేను టెన్త్‌లో లెక్కలు రెండుసార్లు తప్పాను."

"అందుకే నిన్ను పంపుతున్నా. నీకే అర్థమైందంటే ఇంకెవరికైనా అర్థమైనట్టే."

అది హాస్యం అనుకుని గుమాస్తా నవ్వాడు.

పెద్దాయన అతనికి ఒక కాలిక్యులేటర్ ఇచ్చాడు. కూడికలు, తీసివేతలు మామూలుగానే చేస్తుంది. లోపల మైకు ఉంది. క్లాసులో ఎవరు ఏం మాట్లాడినా ఈ గదిలో వినపడుతుంది. ఆఖరికి ఇంకొక్క మాట చెప్పాడు. ఎర్ర స్కార్ఫ్ వేసుకునే ఒకావిడ రెండో వరసలో కూర్చుంటుంది. ముఠా మనిషే, కానీ రెండేళ్ళ కిందట మనవైపు తిరిగింది. రబ్బరు అడిగితే, ఉంది కానీ అరిగిపోయింది అనాలి.

"ఆమెకి పూచీ ఎవరు సార్?"

"నేనే."

పూచీ అనేది ఆ డిపార్ట్‌మెంట్‌లో పుట్టిన పద్ధతి. ఏజెంట్లు పదకొండు మందీ ఒక వరస. ఒక్కొక్కరికీ తన ముందున్న మనిషి, వెనకున్న మనిషి మాత్రమే తెలుసు. ప్రతి మనిషీ తన వెనక మనిషిని ఏడాదిపాటు పరీక్షించి, పూచీ పడుతూ సంతకం పెట్టాలి. ఆ సంతకాల ఫైలు చూపించి పెద్దాయన గర్వంగా చెప్పేవాడు, ఈ వరసలో ఎక్కడా కన్నం లేదని.

గుమాస్తా పదోవాడు. పదకొండో మనిషి అతని చెల్లెలు.

ఆమెను ఇందులోకి తెచ్చింది అతనే. సరిహద్దు ఊళ్ళో పొరుగు దేశపు వర్తక కార్యాలయం ఉంది. అక్కడ టైపిస్టుగా చేరింది. ఒక దర్జీ షాపు మీద గదిలో ఉంటోంది. సంతకం పెట్టిన రోజు అతను పెన్ను మూత రెండుసార్లు పెట్టి మళ్ళీ తీశాడు. ఆమె మాత్రం, "నువ్వుండగా నాకేంటన్నయ్యా," అంది. ఆ రోజు అతను ఆమెకి సంకేతపదాలేవీ నేర్పలేదు. చిన్నప్పుడు అమ్మ పెట్టిన నియమం గుర్తుందా అని అడిగాడంతే. బడి వదిలాక అన్నయ్య రాకపోతే గేటు దాటకూడదు. వాచ్‌మన్ పక్కన బెంచీ మీద కూర్చోవాలి. గుర్తుందని ఆమె అంది. నేను రాలేదని ఎవరైనా చెబితే ఇప్పుడూ అదే చెయ్యి, అన్నాడు.

పెద్దాయన పిలిచిన మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌లో ఫారం నింపాడు. పేరు అబద్ధం. అడ్రసు అబద్ధం. అత్యవసర పరిస్థితిలో ఫోన్ చెయ్యాల్సిన నంబరు అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. నిజంగా అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి అని ఆలోచించి, దర్జీ షాపు నంబరు రాశాడు. ఏజెంటు చెయ్యకూడని పని. చేశాక కూడా కొట్టెయ్యలేదు.

క్లాసు మంగళ, గురు, శనివారాలు, తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా. ఇప్పుడు చెబుతున్నది మాస్టారి భార్య. ఆడపిల్లల హైస్కూల్లో ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పి మానేసిన మనిషి. అందరూ టీచరమ్మ అంటారు. భర్త పోయిన పదిహేనో రోజుకి ఆయన నోట్సు పట్టుకుని వచ్చి బోర్డు ముందు నిలబడింది. బోర్డు పైమూల ఆయన రాసిన ఒక పంక్తి ఇంకా ఉంది. చెరిపేటప్పుడు డస్టర్ అక్కడిదాకా వెళ్ళి ఆగేది.

ఆయన పద్ధతులు కూడా ఆమె మార్చలేదు. హాజరు మొదట్లో వెయ్యదు. పదిన్నరకి వేస్తుంది. ఆలస్యంగా వచ్చేవాళ్ళకి నష్టం ఉండకూడదు, మధ్యలో జారుకునేవాళ్ళకి లాభం ఉండకూడదు అని ఆయన అనేవాడట. పలకనివాళ్ళు ఫారంలో రాసిన నంబరుకి అక్కడికక్కడే, బల్ల చివరున్న నల్ల ఫోన్ నుంచి, అందరూ వింటుండగా ఫోన్ చేస్తుంది. పెద్దవాళ్ళం కదా మేడమ్ అని ఒక బ్యాంకు ఉద్యోగి మొదటి వారమే గొణిగాడు. పెద్దవాళ్ళ కోసం కూడా ఎదురుచూసేవాళ్ళుంటారండీ, అని ఆమె రిజిస్టర్ మూసింది.

మొదటి వారం తర్కం. p అయితే q. p అబద్ధమైతే మొత్తం వాక్యం నిజమే అవుతుందని ఆమె సత్యపట్టిక గీసింది. గుమాస్తాకి మింగుడు పడలేదు. లేచి అడిగాడు.

"వర్షం వస్తే గొడుగు తెస్తానని నేను మీకు మాటిచ్చాననుకోండి. వర్షం రాలేదు. నేను గొడుగు తేలేదు. మాట తప్పానా?" అంది ఆమె.

"లేదు."

"అంతే. తప్పానని ఎవరూ నిరూపించలేరు కాబట్టి నిజం కిందే లెక్క."

అతను నెమ్మదిగా కూర్చున్నాడు. తన ఉద్యోగమంతా ఆ ఒక్క గడిలోనే ఉందనిపించింది.

రెండో వారం సమితులు. మూడో వారం సంబంధాలు, ప్రమేయాలు. ఇంటి దగ్గర లెక్కలు చేస్తుంటే కళ్ళు మూసుకుని పిస్టల్ విప్పి బిగించగల వేళ్ళు బ్రాకెట్లు మూయడం మరిచిపోయేవి. ఇవన్నీ కంప్యూటర్‌కి ఎందుకు అని బ్యాంకు ఉద్యోగి మళ్ళీ అడిగాడు. కంప్యూటర్ మీరు చెప్పింది చేస్తుంది, మీరు చెప్పకుండా అనుకున్నది చెయ్యదు, అంది టీచరమ్మ. మనం దేన్ని అడక్కుండానే ఒప్పేసుకున్నామో చూసుకోవడానికే ఈ పాఠం. మిగతాది మీకు ఎవరైనా నేర్పుతారు.

ఎర్ర స్కార్ఫ్ రెండో రోజే పక్కన వచ్చి కూర్చుంది. ఆమె వస్తే గదిలో సెంటు వాసన, వెనక వరసల్లో సర్దుకుంటున్న కాలర్లు.

"రబ్బరుందా అండీ?"

"ఉంది. కానీ అరిగిపోయింది."

ఆమె నవ్వింది. క్లాసులో అందరికంటే వేగంగా లెక్కలు చేసేది ఆమే. అతని నోట్సు తప్పులు దిద్దేది. అతని పెన్ను ఎక్కడ ఆగుతుందో చూస్తూ ఉండేది. ఆమె చేతిసంచీ ఎప్పుడూ ఒళ్ళోనే, జిప్పు సగం తెరిచి.

నాలుగో వారం గ్రాఫులు. ఆ శనివారం క్లాసయ్యాక అతను కాలిక్యులేటర్‌ని బల్లమీద వదిలేసి, టీచరమ్మ వెంట వరండాలోకి వెళ్ళి ఇరవై మూడో పేపరు జిరాక్సు చూపించాడు. పాత పుస్తకంలో దొరికిందన్నాడు. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. ఎడంచేత్తో రాసినట్టున్న ఆ అక్షరాల మీద వేలు పెట్టి, తీసేసింది.

"ఎడంచేత్తో రాసినా ఆయన సున్నా ఇలాగే ఉంటుంది. కింద కలవదు," అంది.

"ఎందుకు సున్నా వేశారు మేడమ్?"

"ఇది ఆరో వారం పాఠం. అప్పటిదాకా ఆగండి."

"ఇప్పుడే చెప్పకూడదా?"

"చెబితే తలూపుతారు. రాదు."

కాగితం తిరిగి ఇచ్చేటప్పుడు, ఒక మూల కత్తిరించి ఉన్న చోటు చూసింది. అక్కడ ఏ ముద్ర ఉండేదో అడగలేదు.

అయిదో వారంలో వరసలో ఏడో మనిషి కనిపించకుండా పోయాడన్న కబురు వచ్చింది. గుమాస్తాకి ఆ మనిషి ఎవరో తెలియదు. అయినా ఆ రెండు రోజులు అన్నం సయించలేదు. శుక్రవారం పెద్దాయన పిలిపించాడు. చెల్లెలికి ముఠా వాళ్ళ ఫిల్ము చుట్ట దొరికిందట. మన దేశంలో వాళ్ళ కోసం పనిచేస్తున్న అందరి పేర్లూ అందులో ఉన్నాయి. డెవలప్ చెయ్యకుండా తెస్తోంది. శనివారం పదకొండు గంటల రైలు. నాలుగో స్టేషన్లో మనవాళ్ళు ఎక్కి ఆమెను కలుసుకుంటారు.

"నేను వెళ్తాను సార్."

"నీకు క్లాసుంది," అన్నాడు పెద్దాయన. "అన్నట్టు, ఆ లెక్క ఎందాకా వచ్చింది?"

శనివారం టీచరమ్మ ఆరో వారం పాఠం ముందుగానే మొదలుపెట్టింది. పుస్తకంలో గణితానుగమనం అంటారు, మీరు ఇండక్షన్ అనుకోండి, అంది. ఇటుకలు వరసగా నిలబెట్టారు. ఒక ఇటుక పడితే దాని పక్కది తప్పకుండా పడుతుందని చూపించాలి. ఇటుక ఎన్నోదైనా సరే, ఆ పక్కది పడాలి. అది చూపిస్తే కోటి ఇటుకలున్నా ఒక్కొక్కటీ చూడక్కర్లేదు.

తర్వాత బోర్డు మీద ఇరవై మూడో పేపర్లోని లెక్కను, పంక్తి పంక్తి, ఆయన రాసినట్టే రాసింది. జవాబు పత్రాలు పంచి, పది నిమిషాలిచ్చింది. ఇందులో ఏది తప్పో చెప్పండి.

గుమాస్తా వరసగా సరిచూశాడు. k దాకా నిజమనుకున్నారు. మొత్తం k వర్గం, ఇంకొకటి. దానికి తర్వాతి బేసి సంఖ్య కలిపారు. k ప్లస్ ఒకటి వర్గం, ఇంకొకటి వచ్చింది. సరిగ్గానే ఉంది. ఒకటి నిజమైతే దాని పక్కదీ నిజమే. ఎక్కడా కన్నం లేదు.

ఆ మాట దగ్గర పెన్ను ఆగింది.

పేజీ తిప్పి, అన్నిటికంటే చిన్న లెక్క వేశాడు. n ఒకటి. మొదటి బేసి సంఖ్య ఒకటి. ఒకటి వర్గం ఒకటి, దానికి ఇంకొకటి, రెండు. ఎడమవైపు 1. కుడివైపు 2.

మొదటి ఇటుక పడనే లేదు. ప్రతి ఇటుకా పక్కదాన్ని పడేస్తుందని అంత పొందిగ్గా చూపించి, మొదటిదాన్ని ఎవరూ తాకలేదు. పదకొండో ఇటుక దాకా అంతా సక్రమమే, అంతా అబద్ధమే.

పదకొండోదానికి పదోది పూచీ. పదోదానికి తొమ్మిదోది. రెండోవాడికి మొదటివాడు. మొదటివాడికి?

మొదటివాడు పెద్దాయన. ఆ ఫైల్లో ఆయన సంతకం ఉంది కానీ ఆయన కోసం ఎవరి సంతకమూ లేదు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. పదకొండు మందికీ సంకేతాలు రాసిన మాస్టారు అడిగి ఉంటాడు.

ఫిల్ములో ఎవరి పేరుందో, నాలుగో స్టేషన్లో ఎక్కేది ఎవరి మనుషులో అప్పుడు తెలిసింది. గోడ గడియారం పదీ ఇరవై ఏడు చూపిస్తోంది.

"పెన్ను ఆగిపోయింది గుమాస్తా గారూ," అంది పక్కనుంచి ఎర్ర స్కార్ఫ్. ఆ పేరు ఈ క్లాసులో ఎవరికీ తెలియదు.

"ఇంకు అయిపోయింది."

ఆమె అతని పేజీ మీద 1, 2 చూసింది. ఆమె చెయ్యి సంచీలోకి వెళ్ళింది. జిప్పు సందులోంచి నల్లటి గొట్టం కొస అతని పక్కటెముకల వైపు తిరిగింది.

"ఆ లెక్కలో ఏముందో నాకు మొదటి రోజే తెలుసు. మీకు తెలియకూడదని కోరుకున్నా, నిజంగా," అంది చాలా చిన్నగా. "హాజరు పలకండి. తర్వాత తలనొప్పని చెప్పి నాతో బయటికి రండి. పలక్కపోతే ఆవిడ ఎక్కడెక్కడికో ఫోన్లు చేస్తుంది. అవన్నీ ఎందుకు?"

అతని మోచేతి దగ్గర కాలిక్యులేటర్ ఉంది. అటు పెద్దాయన వింటున్నాడు. లేచి పరిగెత్తితే తలుపు దాకా కూడా వెళ్ళలేడు. అతను చెయ్యగలిగింది ఒక్కటే, ఏమీ చెయ్యకపోవడం.

టీచరమ్మ రిజిస్టర్ తెరిచింది. ఒకటి నుంచి పిలుస్తూ వచ్చింది. ఇరవై రెండు పలికింది.

"ఇరవై మూడు."

గుమాస్తా తలెత్తి ఆమె వైపు చూశాడు. పలకలేదు.

"ఇరవై మూడు."

బ్యాంకు ఉద్యోగి వెనక్కి తిరిగి, మిమ్మల్నే అన్నట్టు సైగ చేశాడు. గొట్టం పక్కటెముకకి ఆనింది. అతను కదలలేదు. ఆమె కళ్ళలోకే చూస్తున్నాడు. చూడటం తప్ప అతని దగ్గర ఇంకో సంకేతం లేదు.

టీచరమ్మ అతన్ని చూసింది. ముందున్న పేజీని, పక్కనున్న ఎర్ర స్కార్ఫ్‌ని, ఆమె సంచీని చూసింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో రిజిస్టర్లో ఒక్క తప్పు గుర్తు పెట్టని మనిషి. ఎర్ర సిరా పెన్ను తీసింది.

"మేడమ్, ఈయన ఇక్కడే ఉన్నారు," అంది ఎర్ర స్కార్ఫ్ నవ్వుతూ.

"పిలిచినప్పుడు పలకనివాళ్ళు నా రిజిస్టర్లో లేనట్టేనమ్మా."

ఆమె గడిలో ఇంటూ గుర్తు పెట్టింది. ఫారాల దొంతర తిరగేసి, నంబరు చూసుకుని, ఫోన్ తిప్పింది. గదిలో ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు. అటువైపు చాలాసేపు మోగింది.

"దర్జీ షాపేనా అండీ? ఇరవై మూడో నంబరు విద్యార్థి తాలూకు ఎవరైనా ఉన్నారా? పైగదిలో అమ్మాయా? ఇప్పుడే మెట్లు దిగి వెళ్ళిందా?" ఆమె గొంతు మారలేదు. "రోడ్డు మీద కనిపిస్తోందంటే కొంచెం కేకెయ్యండి. పట్టుకుంటాను."

గడియారంలో పెద్దముల్లు రెండుసార్లు కదిలింది. గుమాస్తా లెక్కపెట్టాడు. జీవితంలో మొదటిసారి లెక్క తప్పకూడదని కోరుకున్నాడు.

"అమ్మా, ఇన్‌స్టిట్యూట్ నుంచి. మీ వాళ్ళు ఈ రోజు క్లాసుకి రాలేదు." ఆమె ఆగి వింది. "మీ అన్నయ్యా? అవును. మీ అన్నయ్య రాలేదమ్మా."

అన్నయ్య అన్న మాట దగ్గర ఎర్ర స్కార్ఫ్ చెయ్యి సంచీలో బిగుసుకుంది. అతని వైపు తిరిగి చూసింది. ఆమె ముఖంలో అతను ఎదురుచూసిన కోపం లేదు. లెక్క ఎటు పోతుందో అందరికంటే ముందు చూడగల మనిషి ముఖం అది. సంచీలోంచి చెయ్యి తీసింది. జిప్పు మూసింది.

"ఆ జాబితాలో నా పేరు కూడా ఉంది," అంది.

"ఉంటుంది."

"నాకూ ఆయనే పూచీ." ఆమె జవాబు పత్రం పూర్తిచేసి, సంతకం పెట్టి, బల్లమీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. ఆ రోజు తర్వాత ఆమెను ఎవరూ చూడలేదు. పేపరుకి యాభైకి యాభై వచ్చాయి.

గుమాస్తా కాలిక్యులేటర్‌ని దగ్గరికి తీసుకున్నాడు. "సార్, లెక్క వచ్చింది. మీకే చెప్పమన్నారు. మిగతా మెట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి."

పదకొండు గంటల రైలు ఆమె లేకుండా వెళ్ళింది. నాలుగో స్టేషన్లో ఎక్కిన నలుగురు పెట్టెలన్నీ వెతికి దిగిపోయారు. చెల్లెలు సరిహద్దు సైనిక శిబిరానికి నడిచి వెళ్ళి, గేటు దగ్గర సెంట్రీ పక్కన బెంచీ మీద కూర్చుంది. ఎవరు ఏమడిగినా మా అన్నయ్య వస్తాడు అని మాత్రమే చెప్పింది. ఫిల్ము చుట్టని పిడికిలి విప్పి ఎవరికీ ఇవ్వలేదు. మర్నాడు మధ్యాహ్నం అతను వెళ్ళేసరికి ఆ బెంచీ మీదే ఉంది. ఆలస్యమైందేం అని అడిగింది. అతను ఆమె పక్కన కూర్చున్నాడు.

ఫిల్ములో ముప్పై ఒక్క పేర్లున్నాయి. పెద్దాయనను విమానాశ్రయంలో పట్టుకున్నారు. ఏడో మనిషి జాడ ఇప్పటికీ తెలియలేదు. వరసలో మిగిలిన అందర్నీ మళ్ళీ పరీక్షించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎవరితో మొదలుపెట్టాలో తేలక ఆ ఫైలు ఇంకా బల్లమీదే ఉంది.

గుమాస్తా టీచరమ్మకి చెప్పాల్సింది చెప్పాడు. ఆమె విన్నది. ఆ కాగితం అసలు ప్రతిని ఇప్పించగలరా అని ఒక్కటే అడిగింది. అతను తెచ్చి ఇచ్చాడు. ఆమె అందులో ఉన్న సున్నాని చాలాసేపు చూసి, మడిచి రిజిస్టర్లో పెట్టుకుంది. ఆ రోజు డస్టర్ బోర్డు పైమూల దాకా వెళ్ళిందో లేదో అతను చూడలేదు. చూడకూడదనిపించింది.

వెళ్ళే ముందు, ఆ శనివారం హాజరు దిద్దుతారా మేడమ్, ఒక్కటి తగ్గి పరీక్షకి కూర్చోనివ్వట్లేదు, అని అడిగాడు. నా రిజిస్టర్లో కొట్టివేతలుండవు, మళ్ళీ మొదటి వారం నుంచి రండి, అంది ఆమె.

మంగళవారం వచ్చాడు. పదిన్నరకి ఆమె ఇరవై మూడు అని పిలిచింది.

"ఉన్నాను మేడమ్."

"వినపడుతుందండీ," అంది టీచరమ్మ తలెత్తకుండా. "అంత గట్టిగా అరవక్కర్లేదు."